కట్ల మునస్వామి ఇంట్లో డిస్కో

"ఏ చెయ్యి నాయనా విరిగింది?" వసారాలో పక్కన కూర్చున్న కుప్పమ్మవ్వ అడిగింది.

"ఎడమ చెయ్యి అవ్వా. సైకిలు మీంచి పడినాను."

"మరి తుండుగుడ్డ కుడి చేతికి కట్టుండావే?"

దామోదరం నాలిక కరుచుకున్నాడు. "తొందరలో మా ఇంట్లోవాళ్ళు ఇట్ల కట్టినారు," అంటూ గుడ్డను ఎడమ చేతికి మార్చుకున్నాడు. బావి దగ్గర జారి పడి తన కాలు విరిగిందని, ఐరాల నుంచి రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చానని అవ్వ తన గోడు చెప్పుకుంది. మోకాలి కింద పాత చీర పీలిక చుట్టుకుని ఉంది.

నిజానికి దామోదరం చేతికి ఏమీ కాలేదు. చిత్తూరు బజారువీధిలో వాళ్ళ నాయనకు బట్టల కొట్టు ఉంది. కొడుకుకేమో బట్టల కంటే రికార్డుల పిచ్చి ఎక్కువ. సోల్, ఫంక్, డిస్కో అంటే చెవి కోసుకుంటాడు. సరుకు కోసం మద్రాసు వెళ్ళిన ప్రతిసారీ మూర్ మార్కెట్లో పాత రికార్డుల గుట్ట ముందు చతికిలబడి, చీరల సంగతే మర్చిపోతాడు.

రెండేళ్ళ కిందట అక్కడే ఒక పాట సగం విన్నాడు. మొదట బేస్ గిటార్ ఒక్కటే నడుస్తుంది. తర్వాత డ్రమ్ము, ఆపైన బాకాలు, అంతలో నల్లజాతి గాయని ఒకామె గొంతు అందుకుంటుంది. పాట పూర్తి కాకుండానే ఎవరో ఆ రికార్డు కొనుక్కుని చక్కా పోయారు. దాని పేరైనా చూసుకోలేకపోయాడు. ఆనాటి నుంచి దామోదరానికి నిద్రలో కూడా అదే సగం పాట.

పోయిన వారం స్నేహితుడు వెంకటముని కొట్టుకు వచ్చి, కాలు విరిగి నయమైన కథ చెబుతూ ఆ పాటే కూనిరాగం తీశాడు. దామోదరం గల్లాపెట్టె మీంచి దూకినంత పని చేశాడు.

"యాడ విన్నావురా ఇది?"

"పుత్తూరు దగ్గర కట్ల మునస్వామి ఇంట్లో. వేలూరికొచ్చిన తెల్ల డాక్టరమ్మ ఆయన కట్టు కట్టేది సూసి, మెచ్చుకోని ఈ రికార్డు ఇచ్చిపోయిందంట. ఎముక సరిచేసేటప్పుడు పెడతారు. ధ్యాస పాట మీదికి పోతే నొప్పి తెలీదు. కానీ ఊరికే పోతే గడప తొక్కనియ్యరబ్బా. దెబ్బ తగిలినోళ్ళకే."

అందుకే ఈ తుండుగుడ్డ. చంకలో గుడ్డసంచి, సంచిలో మార్పిడి కోసం తన దగ్గరున్నవాటిలోకెల్లా గొప్ప డిస్కో రికార్డు.

లోపల్నుంచి మునస్వామి భార్య భారతమ్మ కేకేసింది. "పాట పెట్టేదా?"

"పెట్టు తల్లీ, పెట్టు!" వసారా అంతా ఒక్క గొంతుతో అంది.

రికార్డు మీద ముల్లు గరగరమంది. బేస్ గిటార్ మొదలైంది. అదే పాట! దామోదరానికి ఒళ్ళు ఝల్లుమంది. లేచి గంతులెయ్యాలనిపించింది. చెయ్యి విరిగినవాడు గంతులేస్తే బాగుండదని పళ్ళు బిగించి కూర్చున్నాడు.

డ్రమ్ము అందుకునేసరికి కుప్పమ్మవ్వ విరిగిన కాలు టపటపా నేలకేసి కొట్టుకోసాగింది. ఎంత నొప్పో పాపం! ఎదురుగా బెల్లం మండీ దొరస్వామి గుడ్డ చుట్టుకున్న భుజం ఒకటే అదురుతోంది. మెడకు గుడ్డ చుట్టుకున్న బస్సు కండక్టరు పెంచలయ్య కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ మూలుగుతున్నాడు. గాయని గొంతు పైకి లేచినప్పుడు లోపల ఎవరో "అబ్బబ్బబ్బా!" అని అరిచారు.

దామోదరానికి సిగ్గేసింది. ఇంతమంది ఇలా అల్లాడుతుంటే తానేమో దొంగకట్టుతో వచ్చి, వాళ్ళ మందు ఎత్తుకుపోదామని చూస్తున్నాడు.

"ఇంకొక్కసారి పెట్టు తల్లీ, ఇంకా సలుపుతా ఉండాది," అవ్వ బతిమాలింది.

దామోదరం వంతు వచ్చింది, గదిలోకి వెళ్ళాడు. మునస్వామి పెద్దాయన. నిద్ర లేని కళ్ళు. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ నొక్కాడు.

"యాడ నొప్పి?"

"యాడా లేదయ్యా. మన్నించండి. ఆ రికార్డు కోసం అబద్ధమాడినాను."

మునస్వామి కోప్పడలేదు సరికదా, మొహం చేటంత చేసుకున్నాడు. "రికార్డు కావాల్నా నీకు? నిజంగానా? ఎవురన్నా అడగతారేమోనని ఎన్నాళ్ళుగా సూస్తా ఉండానో! దుడ్డు కూడా వద్దు, ఎత్తకపో!"

పక్కగదిలోకి పరిగెత్తి, భారతమ్మ వద్దంటున్నా వినకుండా, అట్టతో సహా తెచ్చి చేతిలో పెట్టాడు. దామోదరం దాని పేరు చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. వాసన కూడా చూశాడు. ఇంత సంతోషం తన పెళ్ళినాడు కూడా లేదు.

అంతలో గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది.

"ఎత్తకపోతావా నాయనా?" అంది కుప్పమ్మవ్వ. ఆమె కళ్ళలో నీళ్ళు. వెనక దొరస్వామి, పెంచలయ్య కూడా దిగాలుగా నిలబడి ఉన్నారు.

దామోదరం ఆ రికార్డును గుండెకు హత్తుకుని, తర్వాత మెల్లగా మొగుడి వెంటే వచ్చిన భారతమ్మ చేతికిచ్చాడు.

"వద్దయ్యా. నాకిది సరదా, ఈళ్ళకు మందు. ఈడే ఉండనీండి." సంచిలోంచి తన రికార్డు కూడా తీశాడు. "ఇదీ పెట్టుకోండి. దీంట్లో డ్రమ్ము ఇంకా గట్టిగా ఉంటాది. నొప్పి అసలు తెలీదు."

వసారా కేరింతలతో దద్దరిల్లిపోయింది. దొరస్వామి రెండు చేతులూ పైకెత్తి దీవించాడు. అవ్వ కర్ర వదిలేసి వచ్చి అతని బుగ్గలు పుణికింది. పోయిన పాట కోసం ఏడవాలో, చేసిన మంచిపనికి నవ్వాలో తెలియక దామోదరం రెండూ చేశాడు.

మునస్వామి మాత్రం ఉన్నచోటే కూలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఏమైందయ్యా?" దామోదరం కంగారుపడ్డాడు. "ఈళ్ళ నొప్పి తగ్గాలనే గదా ఇచ్చినాను?"

"ఈళ్ళల్లో ఒక్కరికన్నా ఎముక విరిగుంటే గదప్పా!"