గోడ మెచ్చిన పని

గోడల్లో పరిచిన గాజుతీగ ఇంట్లో ఎక్కడ కరెంటు పారినా పసిగట్టి, దాన్నిబట్టి ఇల్లాలు ఎంత పని చేసిందో సాయంత్రానికల్లా చెప్పేస్తుంది. ఆ రోజు వకుళ రోట్లో గోంగూర పచ్చడి నూరింది, పంచెలు చేత్తో ఉతికింది. మొగుడు త్రినాథరావుగారికి మిక్సీ పచ్చడి గొంతు దిగదు మరి!

"వకుళ పని: శూన్యం," అంది గోడ.

"పొద్దస్తమానం ఏం వెలగబెట్టావే? గోడ అబద్ధమాడదు," అన్నాడాయన, ఆ పచ్చడే వేళ్లు నాకుతూ.

మర్నాడు వకుళ ఖాళీ గ్రైండరు, ఖాళీ వాషింగ్ మెషీను తిప్పి వదిలేసి, హాయిగా కాళ్లు బారజాపుకుని పడుకుంది.

"వకుళ పని: అద్భుతం," అంది గోడ.

"శభాష్! ఇవాళ ఇరగదీశావే," అంటూ త్రినాథరావు భోజనానికి కూర్చున్నాడు.

వకుళ ఖాళీ కంచం ముందు పెట్టింది.

"కడుపు నిండిందో లేదో గోడనడగండి. అది అబద్ధమాడదుగా!"