పంతొమ్మిది సెకన్ల ఏడుపు

"ఆపండి. ఆ ఏడుస్తున్నది నేనే," అంది ఆవిడ.

సౌండ్ ఇంజనీరు టేపు ఆపేశాడు. తెర మీద, సంతలో తప్పిపోయిన పాప నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. ఆ పాప ఎంత ఏడ్చినా దర్శకుడికి నచ్చలేదు. అందుకని ఇంజనీరు బీరువాలోంచి పాత టేపు ఒకటి తీసి తగిలించాడు. పాప తల్లి పాత్రకు డబ్బింగ్ చెప్పడానికి వచ్చిన ఆవిడ అది విని ఉలిక్కిపడింది.

ఆవిడ ఒకప్పటి బాలనటి. నాలుగో ఏట ముఖానికి రంగేసుకుని పదకొండో ఏటి దాకా కడిగింది లేదు. ఇప్పుడు ఆ ముఖం ఎవరికీ గుర్తులేదు గానీ, గొంతు మాత్రం అన్నం పెడుతోంది. రెండు వెక్కిళ్ళకు ఒకసారి ముక్కు ఎగబీల్చే ఆ ఏడుపు ఆవిడ సొంత ఆస్తి. ఈనాటికీ అలాగే ఏడుస్తుంది.

ఇంజనీరు తెగ సంబరపడిపోయాడు. పిల్లల ఏడుపు కావాలంటే తన గురువుగారు ఈ టేపే తీసేవారనీ, ఇది పడని సినిమా లేదనీ చెప్పాడు. "మీకంటే మీ ఏడుపే ఎక్కువ సినిమాల్లో వేసిందమ్మా."

దర్శకుడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ ఏడుపు తర్వాత టేపులో ఇంకేముందని అడిగింది.

"ఏమోనమ్మా. పంతొమ్మిది సెకన్లు దాటి ఎవరూ వినలేదు. మాకు అంతవరకే పని."

తనను ఏడిపించింది ఎవరో ఆవిడకు తెలుసు. తొడపాశం పెట్టి ఏడిపించేదనీ, బడి ముఖం చూడనివ్వకుండా స్టూడియోల చుట్టూ తిప్పిందనీ, తన బాల్యాన్ని తల్లే మింగేసిందనీ అడిగిన ప్రతి పత్రికకూ చెప్పింది. తల్లి అవుననలేదు, కాదనలేదు. రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. చిక్కల్లా ఒకటే. ఆ తొడపాశం ఆవిడకు సరిగ్గా గుర్తులేదు. చిన్నప్పుడు ఎవరో అనగా విన్నదే. ఇన్నాళ్ళకు సాక్ష్యం దొరికింది.

వెంటనే తల్లికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. "నువ్వు నన్నేం చేశావో టేపులో ఉంది. నేను వింటున్నాను, నువ్వూ విను."

తల్లి, అది ఏ టేపని అడిగింది. ఇంజనీరు డబ్బా మీది రాత చదివాడు. సినిమా పేరు, షూటింగు చివరి రోజు, పాప ఏడుపు.

"అది పెట్టకే. నా మాట విను. తప్పంతా నాదే అనుకో, సరేనా?"

"అనుకోవడమేంటి?" అని ఆవిడ ఇంజనీరుకు సైగ చేసింది. దర్శకుడు కూడా తన సినిమా సంగతి మరిచిపోయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఏడుపు మొదలైంది. పది సెకన్లు. పదిహేను. పంతొమ్మిది దాటింది. వెక్కిళ్ళ మధ్య అప్పటి తల్లి గొంతు, లేతగా, బాగా అలసిపోయి వినిపించింది.

"చాల్లే తల్లీ, ఊరుకో. ఇంక ఈ సినిమాలొద్దు మనకి. సోమవారం నుంచి బళ్ళో వేస్తాను. రా, ఇంటికి పోదాం."

ఏడుపు టక్కున ఆగింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ వెంటనే ఐదేళ్ళ పాప గొంతు, ఏ డబ్బింగూ అక్కర్లేనంత స్పష్టంగా పలికింది.

"బళ్ళో వేశావంటే అన్నం తినను. పోయి వాళ్ళని ఇంకో వేషం అడుగు."