నత్తకు ఇరవై ప్రశ్నలు

"నీ ఫోన్ నంబరు ఇస్తావా? ఒక్క నిమిషం చాలు. గొంతు విని పెట్టేస్తాను."

తెర మీద ఆ మాట పడగానే చుక్క గుండె గుభేలుమంది. కీబోర్డు మీదున్న చేతులు చటుక్కున ఒళ్లోకి లాక్కుంది.

చుక్క అనేది ఆఫీసు పేరు. అసలు పేరు ఇంట్లోనే వదిలి రావాలి, అది అక్కడి రూలు. ఒంటరివాళ్లకి ఆన్‌లైన్‌లో స్నేహితులుగా ఉండటమే అక్కడి పని. అందరూ వరసగా కూర్చుని, కంపెనీ అచ్చేసి ఇచ్చిన కాగితం చూస్తూ ఇరవై సరదా ప్రశ్నలు అడగాలి. అవి పూర్తయ్యేలోగా కొత్త మనిషి పాత స్నేహితుడైపోవాలి. ఏం ఉద్యోగమో ఏమో! సొంత నంబరు మాత్రం చచ్చినా ఇవ్వకూడదు. ఇస్తే ఉద్యోగం ఊడినట్టే. ఇస్తారో లేదో చూడటానికి నెలకోసారి సూపర్‌వైజరే కస్టమర్ వేషం కట్టి వస్తాడు. దానికి పరీక్ష అని పేరు.

ఈ కొత్త స్నేహితుడు మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. నత్త అని పేరు పెట్టుకున్నాడు.

"అదేం పేరండీ?" అని అడిగింది చుక్క.

"ఇల్లు వదిలి బయటికి రాను కదా, అందుకని."

మంచి చమత్కారి దొరికాడని చుక్క సంబరపడింది. ప్రశ్నల కాగితం ముందేసుకుంది.

"మీ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడే వస్తువు?"

"ఫ్రిజ్. అది ఉన్నట్టుండి ఆగిపోతే, నేనేమైనా అన్నానా అని ఆలోచిస్తూ కూర్చుంటాను."

"మాయమైపోయే శక్తి వస్తే ఏం చేస్తారు?"

"వచ్చి చాలా కాలమైంది. ఎవరూ గమనించలేదు."

అక్కడితో చుక్క నవ్వు ఆగిపోయింది. దానికితోడు అతను ఎదురు ప్రశ్నలు వేస్తున్నాడు. నువ్వు తిన్నావా, నిన్నెవరైనా నవ్విస్తారా అంటున్నాడు. రోజుకి ముప్పై మందితో మాట్లాడే చుక్కని ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. కాగితం పక్కకి నెట్టి, తన పాప ఊడిన పన్నుని అగ్గిపెట్టెలో దాచుకుని దాంతో కబుర్లు చెబుతోందన్న సంగతి చెప్పేసింది. పందొమ్మిది ప్రశ్నలు అలా అయిపోయాయి. ఇరవయ్యోది అడిగేలోపే నంబరు కావాలన్నాడు.

"అక్కా, ఒకసారి ఇటు చూడు," అంది గొంతు తగ్గించి.

పక్క సీటు అక్క కుర్చీ జరుపుకుంటూ వచ్చి చదివింది. చదివి నొసలు కొట్టుకుంది.

"ఓసి పిచ్చిమొహమా, ఇది పరీక్షే! ఆ అద్దాల గదిలోకి చూడు."

సూపర్‌వైజర్ తల వంచుకుని లాప్‌టాప్ మీద టకటకా కొడుతున్నాడు. కొట్టడం ఆపాడు. సరిగ్గా అప్పుడే తెర మీద నత్త మాట వచ్చి పడింది.

"ఉన్నావా? నువ్వూ వెళ్లిపోయావా?"

"చూశావా! పోయిన నెల నా దగ్గర తమ్ముడు పోయాడని భోరుమన్నాడు మహానుభావుడు. ఆ మూల సీటు పిల్ల కరిగిపోయి నంబరిచ్చింది. ఐదు నిమిషాల్లో మెడలో కార్డు తీయించి పంపేశారు."

"నిజం మనిషైతే అక్కా?"

"నిజం మనిషైతే నీ నంబరెందుకే? వాడికి మనుషులే కరువా?"

"పోనీ సార్‌నే అడగనా?"

"అడుగు, అడుగు. పరీక్షని కనిపెట్టడం కూడా చేతకాని మొద్దని రాసుకుంటాడు. రేపట్నుంచి నిన్నూ నీ పాపనీ నేను సాకాలా?"

చుక్క మళ్లీ తెర వైపు తిరిగింది. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. ఈ పని పోతే ఇంకోటి దొరికేంత చదువూ లేదు. అయినా ప్రాణం ఒప్పుకోవడం లేదు. నంబరులో మూడు అంకెలు కొట్టింది. చెరిపేసింది. మళ్లీ కొట్టింది. ఛీ, ఏం బతుకిది, ఒక మనిషి ఏడుస్తుంటే అది అసలు ఏడుపో దొంగ ఏడుపో తేల్చుకోవాల్సి వస్తోంది అనుకుంది. ఆఖరికి ఆ అంకెలు కూడా చెరిపేసి, కాగితంలో ఉన్న ఇరవయ్యో ప్రశ్న కొట్టింది.

"రేపు పొద్దున లేవగానే మీరు చేసే మొదటి పని?"

జవాబు ఆలస్యంగా వచ్చింది.

"అది వదిలేద్దాం. నంబరు కూడా వద్దులే. పాపకి కొత్త పన్ను వచ్చిందా?"

చుక్క తలెత్తి చూసింది. అద్దాల గదిలో సూపర్‌వైజర్ లాప్‌టాప్ వదిలి టీ కప్పు అందుకుంటున్నాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఇంతసేపు ఏడిపించింది చాలక పాపని కూడా ఇందులోకి లాగుతాడా!

"అబ్బ, ఎంత బాగా నటిస్తున్నారండీ!" అని కొట్టి, పక్కన నవ్వే బొమ్మ ఒకటి పెట్టింది.

"అవును. ఇన్నేళ్లూ అందరూ నమ్మారు. నువ్వొక్కదానివే కనిపెట్టావు."

నత్త పేరు పక్కన వెలుగుతున్న పచ్చ దీపం ఆరిపోయింది.

"గండం గడిచిందే తల్లీ," అని అక్క వీపు చరిచింది. చుక్క మాత్రం మాటిమాటికీ ఆ ఆరిపోయిన దీపం వైపే చూస్తోంది. ఆరింటికి సూపర్‌వైజర్ కాగితాల కట్ట పట్టుకుని బయటికి రాగానే, ఇక ఉండబట్టలేక ఎదురెళ్లింది.

"సార్, ఈసారి నన్ను పట్టుకోలేకపోయారు. నత్త పేరుతో బాగానే ఏడిపించారు గానీ, నేను నంబరివ్వలేదు."

సూపర్‌వైజర్ కాగితాలు బల్ల మీద పడేసి కళ్లు నులుముకున్నాడు.

"నత్తేంటమ్మా? మధ్యాహ్నం నుంచీ మీ డ్యూటీ చార్టులు కొట్టలేక చస్తున్నాను, ఈ నెల పరీక్ష ఇంకా మొదలుపెట్టనే లేదు."