చెడ్డ కబురు చెప్పే తీరు

“ముందు ఆ చేతులు విప్పు. కట్టుకున్న చేతులు చూస్తే పోట్లాటకొచ్చావనుకుంటుంది ఆవిడ,” అన్నారు పెద్ద డాక్టరు.

కుర్ర డాక్టరు చేతులు విప్పాడు. విప్పాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆసుపత్రిలో అందరూ తనను చాటుగా ‘కొయ్యబొమ్మ’ అంటారని అతనికి తెలుసు. జబ్బు కనిపెట్టడంలో దిట్టే. కానీ కబురు చెప్పాల్సి వచ్చేసరికి నోరు పిడచకట్టుకుపోతుంది, మొహం కొయ్యబారిపోతుంది. పోయిన నెల ఒక తండ్రికి కొడుకు దక్కలేదని చెబుతూ గోడ గడియారం వైపు చూశాడు. కావాలని చూశాడా, పాపం? ఆ తండ్రి కళ్ళలోకి చూడలేక చూశాడు. ఆయన ఇతని చొక్కా పట్టుకుని, “ఇంటికెళ్ళే వేళయిందా నీకు?” అని అరిచాడు. ఆ రోజు నుంచీ కొయ్యబొమ్మకు అన్నం సయించడం లేదు. తనలో మనిషన్నవాడు చచ్చిపోయాడని నమ్మకం కుదిరిపోయింది.

అప్పటినుంచే ఈ శిక్షణ. నాటకాల్లో వేసే ఒక నటి వచ్చి, తల్లిలాగానో భార్యలాగానో గదిలో కూర్చుంటుంది. కుర్ర డాక్టర్లు వెళ్ళి లేని చావును ఉన్నట్టు చెప్పాలి. ఎలా కూర్చున్నారు, ఎటు చూశారు, చేతులేం చేశారు, అన్నీ పెద్ద డాక్టరు చూస్తారు. కొయ్యబొమ్మ ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే రోగుల దగ్గరికి రానివ్వనని, సీసాలూ గాజు పలకలూ ఉండే గదిలో పడేస్తానని ఆయన ఖరాఖండిగా చెప్పేశారు.

“ఇవాళ వేరే ఆవిడ. కింద గదిలో కూర్చుంది,” అన్నారాయన, గోడకేసి చూస్తూ. “భర్త పనిచేసే చోట కుప్పకూలాడు. గుండె. మనం చెయ్యగలిగిందంతా చేశాం, దక్కలేదు. ఆవిడకింకా ఏమీ తెలీదు. వెళ్ళు.”

“మీరు లోపలికి రారా సార్?”

“తలుపు దగ్గరుంటాలే.”

గదిలో ఒకావిడ కుర్చీ అంచున కూర్చుని ఉంది. చేతిలో కళ్ళజోడు పెట్టె. అతన్ని చూడగానే గబుక్కున లేచి నిలబడింది. అబ్బో, బాగానే చేస్తోందే అనుకున్నాడు. ఎప్పుడూ వచ్చే ఆవిడైతే తలుపు చప్పుడుకే ఏడుపు అందుకునేది.

“కూర్చోండమ్మా.” కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆవిడ కళ్ళకు సమానంగా కూర్చున్నాడు. కాస్త ముందుకు వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టాడు. హమ్మయ్య, వాటికో చోటు దొరికింది.

“ఎలా ఉంది బాబూ ఆయనకి? పొద్దున ఇది మర్చిపోయి వెళ్ళారు. ఇది లేకపోతే ఎదురుగా ఉన్న మనిషి కూడా కనబడడు ఆయనకి,” అంటూ పెట్టె అందించబోయింది.

పెద్ద డాక్టరు కళ్ళజోడు సంగతి చెప్పలేదు. ఇదంతా ఈవిడ సొంతంగా కల్పించుకుందన్నమాట! అతనికి ముచ్చటేసింది.

“అమ్మా, మీకొక కష్టమైన మాట చెప్పాలి.” ఆగాడు. ఇక్కడ ఆగాలి. “మీ ఆయన గుండె ఆగిపోయింది. మేం చెయ్యగలిగిందంతా చేశాం. ఆయన చనిపోయారు.”

ఆవిడ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. అతని మొహంలో ఏదో వెతుక్కుంటున్నట్టు చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. ఎందుకు తిప్పుకోవాలి, నాటకమే కదా!

“ఇంకోసారి చూడండి బాబూ. ఆయనకి మొద్దునిద్ర. ఎవరు పిలిచినా లేవరు. నేను పిలిస్తే లేస్తారు. నన్నొక్కసారి పిలవనివ్వండి.”

“లేదమ్మా.” ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఆ వేళ్ళు అతని వేళ్ళను నొప్పి పుట్టేలా పట్టుకున్నాయి. ఆవిడ ఏడవలేదు. కాసేపటికి చెయ్యి వదిలి, పెట్టె తెరిచి, అద్దాలు బొటనవేలితో తుడిచింది.

“ఇప్పుడిది ఎవరికివ్వను?” అంది.

ఉత్తుత్తిదేనని తెలిసి కూడా కొయ్యబొమ్మ కళ్ళు చెమర్చాయి. ముందు సిగ్గేసింది. ఆ వెనకే పోయిన ప్రాణం లేచొచ్చింది. తనూ మనిషే!

ఒక్క ఉదుటున బయటికొచ్చాడు.

“సార్, ఈసారి తప్పలేదుగా? ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు. కన్నీళ్ళు కూడా వచ్చాయి సార్, నిజం కన్నీళ్ళు! ఇకనుంచి ఈవిణ్ణే పిలిపించండి. పాపం, ఇంకా అలాగే కూర్చుంది. అయిపోయిందని చెప్పి రానా?”

పెద్ద డాక్టరు గది తలుపు మెల్లగా దగ్గరికి వేశారు. అతన్ని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుని, అతని చేతి మీద చెయ్యి వేశారు.

“నటి ఇవాళ రాలేదు.”