రెండు మందల సాక్ష్యం

కంపెనీ యజమాని అమరేందర్ స్వయంగా కుర్చీ జరిపి, "కూర్చోండి మేడం" అన్నాడు. టీలో చక్కెర సరిపోయిందో లేదో కూడా కనుక్కున్నాడు. పుష్పకు లోలోపల నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇదే కంపెనీ గేటు దగ్గర ఆమెను ఎండలో నిలబెట్టి, లోపలికి రమ్మని కూడా అనని మనిషి ఇతనే. ఇప్పుడు గుర్తుపట్టలేదు. పట్టకపోవడమే మంచిదనుకుంది.

చిట్యాల దాటాక హైవే పక్కనున్న ఆ కంపెనీలో గొర్రెలకు టీకాలు తయారవుతాయి. పీకల దాకా అప్పుల్లో మునిగి, ముంబైలోని ఒక పెద్ద మందుల కంపెనీకి అమ్ముడుపోవడానికి సిద్ధంగా ఉంది. కొనవచ్చో లేదో చూసి చెప్పమని ముంబైవాళ్లు హైదరాబాదులోని ఒక కన్సల్టింగ్ సంస్థను పెట్టుకున్నారు. ఆ సంస్థ తరఫున వచ్చింది పుష్ప.

ఆమె నల్లగొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివింది. తోటివాళ్లంతా ల్యాబుల్లో చేరి తెల్లకోట్లు తొడుక్కుంటే, ఈమె మాత్రం కన్సల్టింగ్ అంటూ పట్టుబట్టింది. కంపెనీల లాభనష్టాలు చదవడం నేర్చుకుంది. ఇంగ్లీషులో తడబడి నవ్వులపాలై, మళ్లీ నేర్చుకుంది. సైన్సు చదివి ఇటెందుకు వస్తున్నావని ఇంటర్వ్యూలో అడిగితే, "ల్యాబులో ఉంటే మందు గురించి చెప్పగలను. ఇక్కడుంటే నా మాట మందు చేసేవాళ్లు వినక తప్పదు" అంది. వాళ్లు ముచ్చటపడి ఉద్యోగమిచ్చారు. ఆ మాట వెనకున్న మంట వాళ్లకేం తెలుసు!

హాలియా అవతల వాళ్ల ఊళ్లో, తండ్రి ఐలేశానికి మంచి గొర్రెల మంద ఉండేది. తొలకరికి మొలిచిన లేత గడ్డి మేస్తే గొర్రెలకు చిటుక రోగం వస్తుంది. పొద్దున మేసిన జీవం సాయంత్రానికి ఉండదు. అందుకే వానలకు ముందే టీకా వేయిస్తారు. ఆ ఏడు ఐలేశం కూడా వేశాడు. బావ వరసయ్యే బీరన్న అత్తగారి ఊళ్లో పెళ్లికి పోతూ తన మందను ఇతనికి అప్పగించిపోతే, దానికీ వేశాడు. ఒకడు ఊళ్లో లేకపోతే రెండోవాడు ఆ మందను తన మందలాగే చూసుకోవాలి. గొర్రెలు కాచుకుని బతికే కురుమల్లో అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. వానలు పడ్డాయి. రెండు మందలూ పోయాయి.

అప్పటికి పుష్ప డిగ్రీలో ఉంది. ఆ టీకా చేసిన కంపెనీని నిలదీయాలని, ఎవరికీ చెప్పకుండా ఒక్కతే చిట్యాల వచ్చింది. అమరేందర్ గేటు దాకా వచ్చి, "మందు మంచిదే. మీరు సక్కగ ఏసిండ్రో లేదో చూస్కోండి" అని తిరిగి వెళ్లిపోయాడు. పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్యే బతికినవాడికి సూది వెయ్యడం రాదా? తండ్రిని అన్న ఆ మాట ఆమెకు గుండెలో ముల్లులా దిగింది. ఐలేశం మళ్లీ గొర్రెల జోలికి పోలేదు. హాలియాలో రైసుమిల్లుకు కాపలా పోతున్నాడు. కులం పండుగలకూ నలుగురిలోకి రాడు, బీరన్న ఎదురైతే తల వంచుకుని పక్క సందులోకి తిరుగుతాడు. ఆ తల మళ్లీ పైకెత్తించాలని పుష్ప ఒట్టు పెట్టుకుంది.

ఈ పని అప్పగించేటప్పుడు, ఆ కంపెనీతో నీకేమైనా సంబంధం ఉందా అని పై అధికారి అడిగితే లేదని చెప్పింది. పగ చుట్టరికం కాదు కదా.

అమరేందర్ కంపెనీ అంతా తిప్పి చూపించాడు. గదులు శుభ్రంగా ఉన్నాయి, పరీక్షలన్నీ పద్ధతిగా జరుగుతున్నాయి. ఎంత వెతికినా వంక దొరకలేదు. దొరకనికొద్దీ ఆమెకు ఒళ్లు మండింది.

ముంబైవాళ్లతో సమావేశమైనప్పుడు ఆమె కంపెనీ మీద ఒక్క అబద్ధమూ చెప్పలేదు. "ఈ టీకా మీద కాపరులకు నమ్మకం లేదు" అంది. "నాకు తెలిసిన ఊళ్లో ఇది వేశాక మంద మొత్తం పోయింది. ఒక్క మందే అయితే పొరపాటనుకోవచ్చు. పోయినవి రెండు."

ఆ ముక్క చాలింది. ముంబైవాళ్లు వెనక్కి తగ్గారు. ఇంకెవరూ ముందుకు రాలేదు. బ్యాంకువాళ్లు వచ్చి కంపెనీకి తాళం వేశారు.

అమరేందర్ ఫోన్ చేశాడు. ఎక్కడ తప్పు కనబడిందో అదొక్కటైనా చెప్పమని బతిమాలాడు. ఇన్నేళ్లు దాచుకున్న మాట పుష్ప అప్పుడు బయటపెట్టింది.

"నీ గేటు కాడ ఎండల నిలబెట్టినవు గదా, గా గొర్లోల్ల పిల్లను నేనే."

అతను, "యాదికొచ్చింది. గానీ మందు మంచిదే అమ్మా" అన్నాడు.

కొంప మునిగినా పొగరు తగ్గలేదనుకుని ఆమె ఫోన్ పెట్టేసింది. ఎన్నో ఏళ్లకు ఆ పూట ఆమె కడుపునిండా అన్నం తింది.

ఆదివారం ఊరికి వెళ్లేసరికి ఐలేశం వాకిట్లో కూర్చుని తింటున్నాడు. పుష్ప చెప్పులు కూడా విడవకుండా మొదలుపెట్టింది.

"నాయినా, గా కంపెనీకి తాళం పడ్డది. నేనే ఏయించిన. ఇగ నువ్వు తలెత్తుకొని తిరుగు."

చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. అక్కడ పనిచేసేవాళ్లు ఎవరని అడిగాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లేనని చెప్పింది. వాళ్లంతా ఇప్పుడేం చేస్తున్నారని అడిగాడు. ఆమె వంగి చెప్పులు విడిచింది. ఆ కంపెనీ సారు ఏమన్నాడని అడిగాడు.

"ఏమంటడు, మందు మంచిదేనట. ఇప్పటికీ గదే పాట."

ఐలేశం కంచం పక్కకు నెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత కూతురి మొహంలోకి సూటిగా చూశాడు.

"ఒక్క మందకు తెచ్చిన టీకా, రెండు మందలకు సగం సగం ఏసిన బిడ్డా."