మూరెడు చేప

"ఏమైనా పడ్డాయా అండీ?"

గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న టైలరు తల తిప్పి చూశాడు. ఎవరో కొత్తమనిషి. తలంతా నెరిసింది. చేతిలో ఉన్న గాలం మాత్రం నిన్నో మొన్నో కొన్నట్టుంది.

నిజానికి పదిహేను రోజులుగా టైలరుకు వేలెడు చేప కూడా పడలేదు. చలి పోయి నీళ్లు వెచ్చబడే ఈ రోజుల్లో చేపలు గట్టు దాకా రావాలి. రావడానికి ఉంటే కదా! చేప పిల్లల్ని వదలమని మత్స్యశాఖకు మూడు అర్జీలు రాశాడు. ఉలుకూ పలుకూ లేదు. ఈ ఏడు కూడా వదలకపోతే ముప్ఫై ఏళ్ల ముచ్చటకు నీళ్లొదులుకోవాల్సిందే.

అలాగని, గాలం పట్టుకోవడమే రాని మనిషి దగ్గర ఆ మాట ఒప్పుకుంటాడా?

"పడకేం? నిన్న నాలుగు. ఒక్కోటి మూరెడు."

పక్కనున్న బావమరిది నవ్వు ఆపుకున్నాడు. బావ టేపు బట్టలకు ఒకలా, చేపలకు ఒకలా సాగుతుందని అతనికి తెలుసు.

"మరి బుట్ట ఖాళీగా ఉందే?"

"మూరకు తగ్గితే వదిలేస్తాం. మా ఇంట్లో వండరు."

"ఈ చెరువులో చేపల్లేవని విన్నానండీ..."

"ఎవడన్నాడు? చేతకానివాడై ఉంటాడు!"

బావమరిదికీ ఊపొచ్చింది. "మొన్నొకటి మా బావనే నీళ్లలోకి లాగేసిందండీ. నేను కాలు పట్టుకోబట్టి మిగిలాడు."

పెద్దమనిషి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఒక్కటీ పడలేదు. లేస్తూ, "నేనే పొరబడ్డానన్నమాట" అన్నాడు మెల్లగా.

ఆయన మలుపు తిరగగానే బావాబావమరదులు కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

వారం తర్వాత, నీళ్ల డ్రమ్ములతో ఒక వ్యాను చెరువు ముందు నుంచే వెళ్లిపోతోంది. డ్రమ్ముల్లో చేప పిల్లలు! టైలరు పరుగెత్తి అడ్డం నిలబడ్డాడు.

"ఇక్కడ కాదండీ, అవతలి చెరువుకి" అన్నాడు డ్రైవరు. "ముందు ఇక్కడికే రాశారు. మా సారు వచ్చి చూసి, అక్కర్లేదన్నారు."

"ఏ సారు?"

"గాలం పట్టుకుని వచ్చారే, తెల్లజుట్టాయన."

టైలరు వచ్చి వ్యాను తలుపు పట్టుకున్నాడు.

"అయ్యో! మేమేదో ఎకసెక్కానికి అన్నాం బాబూ! ఒక్కసారి ఆయనతో మాట్లాడించు, కాళ్లు పట్టుకుంటాను."

"ఎక్కడ అండీ? మొన్ననే రిటైరైపోయారు."

టైలరు తలుపు వదిలేశాడు. తన నాలుకను తనే కోసుకోవాలనిపించింది.

డ్రైవరు గేరు వేస్తూ అన్నాడు. "ఎవరో టైలరు మూడు అర్జీలు పెట్టాడటండీ, అన్నీ కట్టుకథలని ఆఫీసంతా కొట్టిపారేస్తే, ఆ మనిషి అబద్ధం రాయడని పోట్లాడింది మా సారొక్కరే."