పచ్చ లాగులు, పసుపు చొక్కాలు

నక్కల పోరు పడలేక మైదానంలోని కుందేళ్లన్నీ కలిసి సైన్యం కట్టాయి. గడ్డిలో కలిసిపోయే యూనిఫాంలు అల్లే పని గిజిగాడికి అప్పగించాయి.

అది వానాకాలం. గిజిగాడు హుషారుగా పచ్చగడ్డితో లాగులు అల్లాడు. చొక్కాల దగ్గరికొచ్చేసరికి పచ్చగడ్డి కరువై, మైదానమంతా ఎండిపోయింది.

“పచ్చరంగు వద్దయ్యా, ఇప్పుడు పసుపు కావాలి!” అంది దళపతి కుందేలు.

గిజిగాడు నిట్టూర్చి ఎండుగడ్డితో చొక్కాలు అల్లాడు. పసుపు లాగులు మొదలుపెట్టేలోగా తొలకరి పడి, కోసి ఉంచిన గడ్డంతా కుళ్లిపోయింది.

“అయితే మళ్లీ పచ్చవే అల్లు!” అంది దళపతి.

అంతలో నక్కలొచ్చాయని కేక వినబడింది. కుందేళ్లు గబగబా ఉన్నవే తొడుక్కున్నాయి. కింద పచ్చ లాగు, పైన పసుపు చొక్కా! సిగ్గుతో చితికిపోతూ గడ్డిలో నిలబడ్డాయి. తన పరువు పోయిందనుకుని గిజిగాడు కొమ్మ మీద కళ్లు మూసుకున్నాడు.

తెరిచి చూస్తే ఒక్క కుందేలూ కనబడలేదు! గడ్డికి అడుగున కొత్త చిగుళ్లు, పైన ఎండు కొసలు. వాటిలో అవి అచ్చంగా కలిసిపోయాయి. నక్కలు నడిమధ్యకు రాగానే కుందేళ్లన్నీ ఒక్కసారిగా ఎగిరి తన్నాయి. నక్కలు పరుగో పరుగు.

దళపతి గెంతులేసింది. “ఎంత తెలివైన డిజైనయ్యా నీది!”

“తెలివా, నా మొహమా! గడ్డి దొరక్క అలా అయిందండీ,” అన్నాడు గిజిగాడు.

కుందేళ్లు పొట్టలు పట్టుకుని నవ్వాయి. అందరికంటే ఎక్కువగా దళపతే నవ్వింది.